ఆరు కండెలు

పెద్దబాపు పోయిన పదకొండో రోజున కడోదరా వెళ్ళాను. పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, సొంత అన్న. తొంభై దాటిన మనిషి. మంచాన పడకుండా, ఎవరిచేతా చాకిరీ చేయించుకోకుండా, పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని అట్లాగే వెళ్ళిపోయాడు. అదృష్టవంతుడని అందరూ అన్నారు. నిజమే. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. ఆయన ఫోటోకు దండ వేశాను, దీపానికి దండం పెట్టాను, వరసలో కూర్చుని పప్పన్నం, గారెలు తిన్నాను. కళ్ళు పొడిగానే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా ఆ మనిషి మీద నాకు కోపం ఉంది. చావు కబురు వినగానే దిగిపోయే కోపం కాదది.

భోజనాలయ్యాక పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, నన్ను లోపలి గదిలోకి పిలిచింది. రేకు ట్రంకు తెరిచి, అడుగు నుంచి ఒక గుడ్డమూట తీసి నా ఒళ్ళో పెట్టింది.

"సుగుణా, గిది నీదంట. తీస్కపో."

"ఏంది పెద్దవ్వా ఇది?"

"నాకేమెరుక బిడ్డా. ఎన్నేండ్ల సందో దాసిపెట్టుకున్నడు. పారేస్త అంటే కస్సున లేసెటోడు. మొన్న పోయేకన్న నాలుగొద్దుల ముంగట అన్నడు, అది సుగుణది, దానికియ్యి అని. గంతే. ఎందుకంటే చెప్పలే."

మూట విప్పాను. ఆరు కొయ్య కండెలు. నేతలో అడ్డపోగు చుట్టడానికి వాడతారే, అవి. అయిదు ఖాళీగా ఉన్నాయి. ఆరోదాని మీద తెల్లదారం లావుగా చుట్టి ఉంది. తెలుపు వెలిసి పసుపు రంగుకు తిరిగింది. అక్కడక్కడ ఎర్రదారపు ముళ్ళు. ఆ ముళ్ళు వేసింది నేనే. చివరన ఒక అట్టచిట్టీ కట్టి ఉంది. దాని మీద పెద్దబాపు గుండ్రటి అక్షరాలు కనిపించాయి కానీ అక్కడ చదవలేదు. మూట సంచిలో వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా అడాజన్‌లోని మా ఇంటికి బస్సెక్కాను. చిట్టీలో ఏముందో చెప్పాలంటే ముందు దారం సంగతి చెప్పాలి.

మేము అప్పుడు కడోదరాలో హైవే వెనుక గల్లీలో ఉండేవాళ్ళం. ఊళ్ళో మగ్గాలు మూలపడ్డాక ఉత్తర తెలంగాణ నుంచి రాష్ట్రం దాటి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీలమే ఆ గల్లీ నిండా. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క గదులు, మధ్యలో ఒకటే వాకిలి. పొద్దున లేస్తే ముందు వచ్చేది గంజి పట్టించిన పోగుల పుల్లటి వాసన, దాని వెనకాల సాంచాల నూనె వాసన, ఆ రెండింటినీ తోసుకుంటూ అవ్వ, అంటే మా అమ్మ, కాల్చే జొన్నరొట్టె వాసన. సాంచాలంటే పవర్‌లూములు. వాటి చప్పుడు మాకు వినిపించేది కాదు. కరెంటు పోయి అవి ఆగినప్పుడే ఏదో తక్కువైందని తల ఎత్తేవాళ్ళం. బాపు పగటి పాళీ, అంటే షిఫ్టు, ఏడింటికి మొదలయ్యేది. పన్నెండు గంటలు ఎనిమిది సాంచాల మధ్య నడుస్తూ, తెగిన పోగు కనిపించిన చోటల్లా వంగి ముడివేస్తూ గడిపేవాడు. ఇంటికొచ్చాక కూడా అన్నం కంచం ముందు రెండడుగులు అటూ ఇటూ వేసి గానీ కూర్చునేవాడు కాదు.

అవ్వా నేనూ ఇంట్లోనే పని. పట్నంలోని రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి చీరల బొత్తులు వచ్చేవి. చీర వెనుక వేలాడే పోగులు కత్తిరించి, దులిపి, మడతపెట్టి పంపాలి. పన్నెండేళ్ళప్పుడు బడి మాన్పించి కత్తెర చేతికిచ్చారు. పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కత్తిరించాను. నా కాళ్ళు నడవడానికి ఉన్నాయని నాకే గుర్తుండేది కాదు.

పెద్దబాపు ఉద్యోగం వేరు. బాపు పనిచేసే కార్ఖానాలోనే ఆయన గుడ్డ కొలిచి మడతపెట్టే చోట పెద్ద. సాంచా మీద నుంచి దిగిన గుడ్డను బల్ల మీద పరిచి, కొలిచి, నూరు మీటర్లకు ఒక మడత చేస్తే దాన్ని తాకా అంటారు. ఒక్కో తాకాకు ఒక చిట్టీ కట్టాలి: ఎవరు నేశారు, ఎన్ని మీటర్లు, ఏ తేదీ. ఆ చిట్టీ మీద పెద్దబాపు రాసిన అంకెను సేఠ్ కూడా మళ్ళీ కొలిపించేవాడు కాదు. సగం మీటరు తక్కువైతే తక్కువనే రాసేవాడు. నేసింది సొంత తమ్ముడైనా సరే. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. మామిడికాయ తొక్కు జాడీకి చిట్టీ, గోధుమల డబ్బాకు చిట్టీ, అగ్గిపెట్టెల కట్టకు చిట్టీ. "నీకో చిట్టీ కడితే సరిపోతది" అని పెద్దవ్వ నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ రోజుల్లో మా గల్లీలో ఏ తగువు వచ్చినా తీర్పు ఆయనదే. తూకంలోనూ మాటలోనూ తేడా రాని మనిషని పేరు.

ఒకరోజు పొద్దున బాపు కళ్ళద్దాలు మరచిపోయి వెళ్ళాడు. అవి లేకపోతే తెగిన పోగు ఆయనకు కనిపించదు. "ఉరుకు, ఆటో ఎక్కకముందే అందియ్యి" అని అవ్వ నన్ను తరిమింది. గల్లీ చివరన బాపు కనిపిస్తూనే ఉన్నాడు. చేతిపంపు దాటానో లేదో గుండె గొంతులోకి వచ్చింది. డొక్కలో నొప్పి. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. గోడ పట్టుకుని వంగిపోయాను. నేను చూస్తుండగానే ఆటో కదిలింది. ఆ పూట బాపు నేసిన గుడ్డలో పొడుగునా తప్పులు పడ్డాయి. పెద్దబాపు చిట్టీ మీద తప్పులన్నీ రాశాడు. బాపు నన్నేమీ అనలేదు. అనకపోవడం వల్లే నాకు సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల నాలుగిళ్ళ దూరం పరుగెత్తలేదా? మరునాడు తెల్లవారుజామున, చేతిపంపు దగ్గర బిందెల వరస ఇంకా మొదలవకముందే, చున్నీ నడుముకు బిగించి ఒంటరిగా పరుగెత్తాను. పంపు నుంచి గల్లీ చివరనున్న వేరే కార్ఖానా ఇనుపగేటు దాకా చేరలేదు. మూడోరోజు చేరాను. చేరి, గేటు పట్టుకుని, పిచ్చిదానిలా నవ్వాను.

వారం తిరగకుండా బాపుకు తెలిసింది. తిడతాడనుకున్నాను. రొట్టె తుంచుకుంటూ అడిగాడు:

"దినాం ఎంత ఉరుకుతున్నవ్?"

"శాతనైనంత."

"గట్ల కాదు బిడ్డా. కొత్తగ పని నేర్వొచ్చినోనికి మేము ఎన్ని సాంచాలిస్తం?"

"రెండు."

"ఎనిమిది ఎందుకియ్యం? వాని కాళ్ళు గట్టియే గదా?"

"పోగులు తెగుతయి."

"మరి! రెండు సాంచాల మీద ఆరొద్దులు తప్పు లేకుంట నేస్తే ఇంకో రెండిస్తం. తప్పు వడితే మల్ల రెండే. నీ కాళ్ళకు గూడ గదే లెక్క. జర ఓపిక వట్టు."

నా జీవితంలో నేను విన్న చదువంతా ఆ నాలుగు మాటలే. తరువాత పుస్తకాలు చదివాను, పరుగు గురించి పట్నం వాళ్ళు చెప్పే పెద్ద పెద్ద సంగతులు విన్నాను. ఎవరూ దానికి కొత్తగా కలిపిందేమీ లేదు.

లెక్క పెట్టాలంటే కొలత కావాలి. బాపు కార్ఖానా నుంచి పారేసే దారం ఒక ఉండ తెచ్చిచ్చాడు. అప్పుడప్పుడే వస్తున్న క్రింపు దారం, మెత్తగా, ముడుచుకుని ఉండేది. నాలుగు పేటలు వేసి పేనాను. పెద్దబాపు మీటరు కర్ర అడిగి తెచ్చుకుని, గచ్చు మీద దారం పరిచి, పది మీటర్లకొక ఎర్రముడి చొప్పున నూరు మీటర్లు కొలిచాను. మరునాడు పొద్దున అవ్వ పంపు దగ్గర ఒక కొస పట్టుకుంది. నేను రెండో కొస పట్టుకుని గేటు వైపు నడిచాను. దారం వదులుగా ఉంటే సాలోళ్ళ చేయి ఊరుకోదు. పోగు అంటే బిగువుగా ఉండాలి, అది మాకు పాలతో వచ్చిన బుద్ధి. "గుంజు అవ్వా, గట్టిగ గుంజు" అన్నాను. ఇద్దరం లాగాం. ఇనుపగేటుకు సరిగ్గా ఒక దారం పొడవు వచ్చింది. పంపు నుంచి గేటు దాకా నూరు మీటర్లు, ఒక తాకా. వెనక్కి వస్తే రెండు తాకాలు. నా పరుగుకు ఆ పేరే ఖాయమైంది.

రెండు తాకాలతో మొదలుపెట్టాను. ఆరు రోజులు డొక్కనొప్పి లేకుండా పోతే నాలుగు. మళ్ళీ ఆరు రోజులకు ఆరు. పరుగెత్తుతూ అవ్వతో మాట్లాడగలిగితే సరైన వేగం, మాట తెగితే జోరు ఎక్కువైనట్టు. ఇదీ బాపు పెట్టిందే. అందుకని పంపు దాటిన ప్రతిసారీ అవ్వ ఏదో ఒకటి అడిగేది, "పప్పుల ఉప్పేసిన్నా?" అని. "ఏసినవ్" అంటూ వెళ్ళిపోయేదాన్ని. పది తాకాలు పూర్తయిన రోజున మాత్రం పొగరు తలకెక్కింది. బాపు మాట పక్కన పెట్టి ఒకేసారి పద్దెనిమిది తిరిగాను. రెండోరోజుకు మోకాళ్ళ కింద ఎముక పగులుతున్నట్టు నొప్పి. పదిహేను రోజులు కుంటుతూ నడిచాను. "తప్పు వడ్డది. మల్ల రెండు సాంచాలు" అన్నాడు బాపు, ముఖం ఎత్తకుండానే. ఏడుస్తూ మళ్ళీ రెండు నుంచి ఎత్తుకున్నాను. వానాకాలం పోయి చలి వచ్చేసరికి నలభై తాకాలు ఆగకుండా తిరుగుతున్నాను. అంటే నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లూ నా సొంతమని, అంతకుముందు నాదంటూ ఏమీ లేదని, రోజూ గేటు ముట్టుకున్నప్పుడల్లా అనుకునేదాన్ని.

గల్లీ ఊరుకుంటుందా? ఆడపిల్ల గాలి తిరుగుడు తిరుగుతోందన్నారు. కాళ్ళు మగవాళ్ళ కాళ్ళవుతాయన్నారు. పెద్దబాపు దగ్గరికి పంచాయితీ వెళ్ళింది. ఆయన వాకిట్లోకి వచ్చి అవ్వతో నిదానంగా అన్నాడు, "ఉరికి పాలు తాగుడుకన్న నిలవడి నీళ్ళు తాగుడు మేలు. పిల్లకు చెప్పు." అవ్వ చాటలో బియ్యం చెరుగుతూనే అంది, "గా మాట పాలు తాగినోడు చెప్పిండా బావా, నీళ్ళు తాగినోడు చెప్పిండా?" నాకు తెలిసి మా అవ్వ ఆయనకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే.

మార్కండేయుని పండుగ రోజున మా సంఘం వాళ్ళు ఏటా పరుగుపందెం పెట్టేవారు. కడోదరా నుంచి కాలువ దాకా వెళ్ళి రావాలి, అయిదు కిలోమీటర్లు. మగవాళ్ళకే. ఆడవాళ్ళకు ముగ్గులూ, చెంచాలో నిమ్మకాయా. పేర్లు రాసే పుస్తకం పెద్దబాపు దగ్గరుండేది. నేను వెళ్ళి నా పేరు రాయమన్నాను. పుస్తకం మూసి నా వైపు చూశాడు.

"అయిదు కిలోమీటర్లు ఉరుకుతవా?"

"ఉరుకుత."

"నా కండ్ల ముంగట ఉరుకు. అయిదు కిలోమీటర్లు ఆగకుంట ఉరికితే పేరు రాస్త. ఆగినవో, ఇగ ఈ ఉరుకుడు బంద్. పందెం దిక్కు గూడ రావద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట."

"మాట?"

"మాట."

ఆదివారం పొద్దున గల్లీ గల్లీ అంతా అరుగుల మీద కూర్చుంది. పంపు పక్కన కుర్చీ వేసుకుని పెద్దబాపు కూర్చున్నాడు. అటూ ఇటూ రెండు బుట్టలు. ఎడమ బుట్టలో యాభై ఖాళీ కండెలు. నేను గేటు ముట్టుకుని తిరిగి వచ్చినప్పుడల్లా రెండు కండెలు కుడి బుట్టలోకి వేస్తాడు. నూరు మీటర్ల తాకాలు యాభై. లెక్క పక్కాగా ఉంది. పరుగెత్తాను. ఇరవై దాటింది, ముప్పై దాటింది. నలభై దాకా నాకు తెలిసిన దారే. నలభై రెండుకు కాళ్ళు బరువెక్కాయి. బుట్టలో మిగిలినవి చూడొద్దనుకుంటూనే చూశాను. నలభై నాలుగో తాకా పూర్తయి పంపు దగ్గర మలుపు తిరుగుతుంటే ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. సరిగ్గా ఆయన కుర్చీ ముందు, బురదలో, మోకాళ్ళ మీద పడ్డాను. లేవబోయాను. కాలు నిలవలేదు. ఎవరో నవ్వారు. పెద్దబాపు బుట్ట ఎత్తి చూసి అన్నాడు, "ఆరు కండెలు మిగిలినయి." అంతే. ఆ ఆరు కండెలనూ, గోడకు వేలాడదీసిన నా కొలదారాన్నీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పండుగ నాడు నన్ను ఆడపిల్లలతో పాటు పందెం మొదలయ్యే చోట మంచినీళ్ళ బిందె దగ్గర నిలబెట్టారు. నిలబడి నీళ్ళు పోయడమే నా రాత అన్నట్టు. ఇరవై మందికి పైగా మగవాళ్ళు బనియన్లేసుకుని వరసగా నిలబడ్డారు. ఈల ఊదారు. వాళ్ళు నా ముందు నుంచి వెళ్ళిపోయారు. వాళ్ళలో సగంమంది ఆ పండుగ తప్ప ఏడాదిలో ఒక్కరోజు పరుగెత్తినవాళ్ళు కాదు. నాకది నచ్చలేదు. ఎట్లా నచ్చుతుంది? చెంబు బిందె మీద పెట్టి, చున్నీ నడుముకు బిగించి, వాళ్ళ వెనకాల పడ్డాను. పిక్క నొప్పి ఇంకా ఉంది. నెమ్మదిగానే వెళ్ళాను, మాట తెగని వేగంతో. కాలువ దగ్గర మలుపు తిరిగేసరికి కొందరు చెట్ల కింద కూర్చుని రొప్పుతున్నారు. తిరిగి వచ్చేసరికి నా వెనుక ఏడుగురు మగవాళ్ళు ఉన్నారు. ఆ ఏడుగురి పేర్లూ ఇప్పటికీ చెప్పగలను. పెద్దవాళ్ళయ్యారు కాబట్టి మర్యాదకు ఊరుకుంటున్నాను.

పెద్దబాపు పుస్తకంలో వరసగా పేర్లు రాస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. నా ముందు వచ్చినవాడి పేరు రాశాడు, నా వెనుక వచ్చినవాడి పేరు రాశాడు.

"మాట తప్పినవ్ బిడ్డా" అన్నాడు.

"అవు, తప్పిన. మల్ల గూడ తప్పుత" అన్నాను.

ఆ రాత్రి బాపు వేడి నూనెతో నా పిక్క రుద్దాడు. పందెం గురించి ఒక్క మాట ఎత్తలేదు. లేస్తూ మాత్రం అన్నాడు, "రేపు నాలుగు తాకాలే. ఎక్కువ ఉరకకు." ఎంత చదివినవాళ్ళయినా కూతుర్ని అంతకంటే బాగా మెచ్చుకోలేరు.

గల్లీ నాకు "ఆరు కండెల సుగుణ" అని పేరు పెట్టింది. మాట మీద నిలబడని మనిషికి మా చుట్టాల్లో అదొక సామెత అయింది. నా పెళ్ళిలో అన్నారు. పిల్ల పుట్టినప్పుడు అన్నారు. అద్దెగది నుంచి అడాజన్‌లో సొంత ఫ్లాటుకు మారినప్పుడు కూడా ఒక ముసలాయన పాలు పొంగించిన గిన్నె పక్కన నిలబడి అన్నాడు. నేను తల వంచుకోలేదు. మాట తప్పాను, అవును. తప్పాల్సిన మాట అది, తప్పాను అని ఎదురు చెబుతూ వచ్చాను. పరుగు మానలేదు. పెద్దబాపు మాత్రం ఆ తరువాత నాతో సూటిగా మాట్లాడింది లేదు. ఎదురుపడితే నా భుజం మీదుగా గోడను చూసేవాడు. నా మీద కోపమనుకున్నాను. మాట తప్పినదాని ముఖం చూడడం ఆయనకు ఇష్టం లేదనుకున్నాను.

ఆ సాయంత్రం అడాజన్‌లో, బాల్కనీలో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని చిట్టీ చదివాను. తాకా చిట్టీ ఎట్లా రాస్తారో అట్లాగే రాశాడు.

"సుగుణ తాకా. పంపు నించి గేటు దాక. నూరు కాదు. నూట పదహారు మీటర్లు."

కింద తేదీ. పండుగ పందేనికి నాలుగు రోజుల ముందటి తేదీ, నేను బురదలో పడ్డాక వేసింది.

మొదట అర్థం కాలేదు. దారం చేతిలోకి తీసుకుని కొస లాగి చూశాను. ఇన్నేళ్ళయినా సాగింది. వదిలితే ముడుచుకుంది. అప్పుడు తెలిసింది. నేను గచ్చు మీద ముడుచుకున్న దారాన్ని కొలిచి, గల్లీలో లాగి పట్టాను. నూలుదారంతో పెరిగిన అవ్వకు క్రింపు దారం సాగుతుందని తెలియదు. నాకూ తెలియదు. గుడ్డ కొలిచే బల్ల దగ్గర బతికిన పెద్దబాపుకు తెలుసు. అనుమానం వచ్చి ఇనుప టేపుతో గల్లీ కొలిచి ఉంటాడు. ఆ బురదలో నేను పడేసరికి నలభై నాలుగు తాకాలు. నలభై నాలుగు నూట పదహార్లు ఎంతో వేళ్ళ మీద వేసుకున్నాను, నమ్మకం కలగక కాగితం మీద వేసుకున్నాను. అయిదు వేల నూట నాలుగు. అయిదు కిలోమీటర్లు దాటి మరో నూటనాలుగు మీటర్లు పరుగెత్తి మరీ పడ్డాను. మాట ప్రకారం నా పేరు రాయాలి. ఆయనకు తెలుసు. నాలుగు రోజుల ముందే తెలుసు. తెలిసీ నా ముందువాడి పేరు రాశాడు, నా వెనుకవాడి పేరు రాశాడు.

ఒళ్ళంతా మండింది. చచ్చిపోయిన మనిషిని తిట్టకూడదంటారు; నేను తిట్టాను, బాల్కనీలో నిలబడి, నోరారా తిట్టాను. పెద్దవ్వకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆమె అంతా విని అంది, "నీ పేరొక్కటి రాస్తే రేపు గల్లీల ఆడివిల్లలంత వచ్చి నిలవడుతరని భయపడ్డడు బిడ్డా. రాత్రిపూట గా మూట ముంగటేస్కోని కూసునెటోడు. ఎందుకో నాకిప్పుడు ఎరుకైంది. మాపు చెయ్యి." నేను మాఫ్ చేయలేదు. చేయనని కూడా ఆమెతో అనలేదు, ముసలి ప్రాణం. ఆయన చిట్టీ మీద ఎన్నడూ అబద్ధం రాయలేదని లోకం అంటుంది. నిజమే, నా చిట్టీ మీదా రాయలేదు. ట్రంకులో నిజం పెట్టి తాళం వేశాడు, అంతే. అట్లాంటి నిజాయితీని నేను నిజాయితీ అనను. ఇంకో సంగతి ఉంది, చెబితే నవ్వొస్తుంది. నలభై ఏళ్ళు నేను గర్వంగా మోసిన తప్పు అసలు నాది కాదు. నేను మాట తప్పలేదు. తప్పానని చెప్పుకుని ఎంత పొగరుగా తిరిగాను!

కిందటి ఏడాది మెట్ల మీద జారి మోకాలు దెబ్బ తిన్నప్పటి నుంచి నా పరుగు ఆగిపోయింది. మోకాలు కుదిరింది, నెమ్మదిగా మొదలుపెట్టొచ్చని డాక్టరు అన్నాడు. వద్దంటున్నది మా కవితే, నా కూతురు. పెద్దబాపు గద్దించి వద్దన్నాడు, ఇది ప్రేమగా వద్దంటుంది. ఆగేది మాత్రం నా కాళ్ళే.

"మమ్మీ, రెహనే దో, ఇగ వదిలెయ్యి. వాకింగ్ చాలు గదా. ఈ వయసుల పడితే ఎవరు చూస్తరు?"

"నువ్వు చూస్తవ్. రా, గీ కొస పట్టుకో."

సొసైటీ వెనుక రోడ్డు తిన్నగా ఉంటుంది. పొద్దున కార్లు తీయకముందు ఖాళీ. కవిత వేపచెట్టు దగ్గర బెంచీ పక్కన దారం కొస పట్టుకుంది. చిట్టీ చదివింది కాబట్టి దానికి సంగతి తెలుసు. "లూజుగ పట్టాలె మమ్మీ, గుంజితే సాగుతది, నీకే ఎక్కువైతది" అంది. "గుంజు, గట్టిగ గుంజు" అన్నాను. అప్పుడు తెలియక లాగాను. ఇప్పుడు తెలిసే లాగాను. రెండో కొస ఎక్కడికి వచ్చిందో అక్కడ సుద్దతో గీత గీశాను. నా తాకా నూట పదహారు మీటర్లే, ఇంకెవరి కొలతా నాకు అక్కర్లేదు.

మొదటి ఆరు రోజులు రెండు తాకాలు. తరువాతి ఆరు రోజులు నాలుగు. మోకాలు ఏమీ అనలేదు. ఇవాళ ఆరు. ఆరు కండెలనూ బెంచీ మీద ఎడమవైపు పేర్చి కవితను పక్కన కూర్చోబెట్టాను. ఒక్కో తాకాకు ఒక కండె కుడివైపు పెట్టాలి. ఆ ఆరూ నేను పరుగెత్తాల్సిన పని లేదు. ఏనాడో అయిపోయాయి, చిట్టీ సాక్ష్యం ఉంది. అయినా పరుగెత్తాను. పంపు లేదు, ఇనుపగేటు లేదు, పప్పులో ఉప్పు వేశానా అని అడగడానికి అవ్వ లేదు. ఒంటరిగానే "ఏసినవ్, ఏసినవ్" అనుకుంటూ పరుగెత్తాను. మాట తెగలేదు. ఆరో తాకా పూర్తయి బెంచీ దగ్గరికి వచ్చేసరికి కవిత చివరి కండె అటువైపు పెట్టి లేచి నిలబడింది. దాని కళ్ళలో నీళ్ళున్నాయి, నా కళ్ళలోనూ ఉన్నాయి. నేను బెంచీ దాటి మలుపు తిరిగాను. ఒక్కటే ఎక్కువ, బాపు ఉంటే తిట్టేవాడు.

"మమ్మీ, బస్! కండెలు ఖతం!" అని వెనుక నుంచి అరిచింది.

"కండెలే అయిపోయినయి" అన్నాను, ఆగకుండా.